చెవిలోనా, చెవి మీదా?

శ్రోతలకు నమస్కారం.

పోయినేడు వానాకాలంలో, మద్దిలపాలెం బస్టాపు దగ్గర నా కుడి ఇయర్‌బడ్ జారి కాలవ మీదున్న ఇనుప ఊచల సందులోంచి లోపల పడింది. వంగి చూస్తే బురదలో చిన్న లైటు మినుకుమంటోంది. ఎడమ చెవిలో మాత్రం పాట నడుస్తూనే ఉంది. పక్కనే బజ్జీలు వేస్తున్నావిడ, "ఏటి పడిపోనాది బాబూ?" అని అడిగింది. చెప్పాను. "అంత చిన్నదానికా ఇంత ఇదైపోతన్నావు, ఎంతేటి?" అంది. ధర చెప్పడానికి నోరు రాలేదు.

ఈసారి హెడ్‌ఫోన్స్ కొనేద్దామా అని మా మేనకోడల్ని అడిగితే, "ఎక్కడ వింటావు మావయ్యా? అది చెప్పు ముందు" అంది. కొట్లో ఎవరూ అడగని ప్రశ్న ఇది. వాళ్లు రంగు అడుగుతారు, బడ్జెట్ అడుగుతారు.

నేను ఎక్కువగా వినేది గాజువాక వెళ్లే బస్సులో. ఇంజిను పక్క సీటు దొరికిందంటే చెవిలో పాట సగం వినబడదు. మనకి తెలియకుండానే వేలు వాల్యూమ్ మీదకి పోతుంది. అసలు చిక్కంతా ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ మోతలో వారానికి 40 గంటల వరకూ వినొచ్చు. అదే 90కి పెరిగితే వారానికి 4 గంటలే. పెరిగింది పదే కదా అనుకుంటాం, వినే సమయం మాత్రం పదో వంతుకి పడిపోతుంది.

అందుకని బయటి రొదని ఆపే సరుకు కావాలి. నాయిస్ క్యాన్సిలింగ్ అని పెట్టె మీద రాస్తారే, అది చేసే పని ఇదీ: పైన ఉన్న చిన్న మైకు బయటి చప్పుడు వింటుంది, దానికి సరిగ్గా ఎదురుతిరిగిన అలని లోపల పుట్టిస్తుంది, రెండూ కలిసి ఒకదాన్నొకటి తినేస్తాయి. ఇంజిను, ఫ్యాను, ఏసీ లాంటి ఒకే తీరు గుయ్యిమనే మోత మీద బాగా పనిచేస్తుంది. హారన్ మీద, కండక్టరు కేక మీద అంతగా పనిచేయదు. ఒకందుకు అదే మంచిది, స్టాపు దాటిపోకుండా దిగొచ్చు.

బడ్స్‌లో పాట పీలగా ఉందని చాలామంది అంటారు. తప్పు చాలాసార్లు దానిది కాదు, రబ్బరు తొడుగుది. మృదంగం వస్తున్న పాట ఒకటి పెట్టండి. బడ్‌ని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. ఎడమ చేతి గుంకారం ఒక్కసారి నిండుగా వచ్చిందంటే ఆ తొడుగు మీ చెవికి చిన్నదన్నమాట. పెట్టెలో ఇంకో రెండు సైజులు ఉంటాయి, మనం కవరు కూడా విప్పం. నా కుడి చెవికి పెద్దది కావాలి, ఎడమ చెవికి మధ్యది. ఈ సంగతి ముందే తెలిసుంటే ఆ బడ్ కాలవలో పడేది కాదు.

ఇక మన విశాఖ ఉక్క. స్నానం చేసిన తడి చెవిలో బడ్ పెట్టి గంటలు గంటలు ఉంచితే దురద పుడుతుంది, ఫంగస్ పట్టొచ్చు, గుబిలి కూడా లోపలికి దిగుతుంది. తుడుచుకుని పెట్టుకోండి, మధ్యలో తీసి చెవికి గాలి తగలనివ్వండి. హెడ్‌ఫోన్స్‌కి ఆ గొడవ లేదు కానీ చెవుల చుట్టూ చెమట కారుతుంది. పైగా ఆ మెత్తల రెక్సిన్ ఈ తేమకి కొన్నాళ్లకే పొట్టులా రాలుతుంది. మా మేనకోడలు ఇంటర్వ్యూకి వెళ్లేముందు అద్దంలో చూసుకుంటే చెంపలనిండా నల్ల పెచ్చులు! మెత్తలు విడిగా దొరుకుతాయి, మార్చుకోవచ్చు. బడ్‌లోని బఠాణీ గింజంత బ్యాటరీ పోతే మార్చడం దాదాపు కుదరదు. ఒక చార్జింగ్‌తో బడ్స్ ఐదారు గంటలు నడిస్తే, హెడ్‌ఫోన్స్ చాలావరకు 30 గంటలు దాటుతాయి.

చివరికి నేను బస్సుకి బడ్స్ కొన్నాను. రాత్రి ఇంట్లో కచేరీ వినడానికి తమ్ముడి పాత హెడ్‌ఫోన్స్ తెచ్చుకున్నాను. ఒక్కటే కొనగలిగితే? రోజూ ప్రయాణం చేసేవాళ్లు బడ్స్, కుర్చీలో కూర్చుని గంటలు వినేవాళ్లు హెడ్‌ఫోన్స్. పొద్దున్నే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేసినప్పుడు ఎలా విన్నా పర్వాలేదు కానీ, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర రోడ్డు దాటేటప్పుడు మాత్రం రెండు బడ్సూ తీసి జేబులో పెట్టండి.

అన్నట్టు, ఫోన్‌లో ఎఫ్‌ఎం పెట్టి, వైరు ఉన్న పాత ఇయర్‌ఫోన్స్‌తో నా మాటలు వింటున్నవాళ్లూ ఉంటారు. మీకు చార్జింగ్ బాధ లేదు, కాలవలో పడే భయమూ లేదు. ఆ వైరు మాత్రం ఇప్పుడే పీకకండి. మీ ఫోన్‌కి యాంటెన్నా అదే, తీస్తే నేను మాయమైపోతాను.

సెలవు.