తుప్పే మందు

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలోని నార్త్ కరోలినాలో, పాస్క్వోటాంక్ నది ఒడ్డున ఎలిజబెత్ సిటీ అనే ఊరుంది. అక్కడి కోస్ట్ గార్డ్ స్థావరంలో ఒక షెడ్డులో 30 ఏళ్లకు పైగా క్రోమ్ ప్లేటింగ్, అంటే లోహం మీద క్రోమియం పూత వేసే పని, చేశారు. 1984లో ఆ పని ఆగిపోయింది. కానీ అప్పటికే నేలలోకి ఇంకిన క్రోమియం భూగర్భజలంలో కలిసి, మెల్లగా నది వైపు కదలసాగింది.

అది హెక్సావలెంట్ క్రోమియం. క్యాన్సర్ తెచ్చే రకం. నీళ్లలో ఇట్టే కరిగి, నీళ్లు ఎటు పోతే అటే పోతుంది. మామూలుగా అయితే బోర్లు వేసి ఆ నీళ్లు తోడి శుద్ధి చేస్తారు. మోటార్లు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉండాలి. కరెంటు ఖర్చు సంగతి సరే, మట్టికి పట్టిన విషం మళ్లీ మళ్లీ నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది.

అక్కడివాళ్లు 1996 జూన్‌లో వేరే పని చేశారు. నీళ్లు వచ్చే దారికి అడ్డంగా సుమారు 150 అడుగుల పొడవు, 24 అడుగుల లోతు, 2 అడుగుల వెడల్పున తవ్వి, అందులో ఇనుప రజను నింపారు. లేత్ మిషన్ కింద రాలుతుంది చూడండి, అలాంటిదే. గోడ అంటారు గానీ ఇది నీళ్లను ఆపదు. ఇసుకలోంచి పోయినట్టే అవి దానిలోంచి పోతాయి.

గోడ లోపల జరిగేది తుప్పు పట్టడమే. తుప్పు పడుతూ ఇనుము ఎలక్ట్రాన్లు వదులుతుంది. వాటిని అందుకున్న క్రోమియం కరగని రూపంలోకి మారి, ఆ రజను మీదే పేరుకుపోతుంది. అదే నీళ్లలో ట్రైక్లోరోఇథిలిన్ కూడా ఉంది, యంత్రాల జిడ్డు వదిలించే ద్రావకం. దానిలోని క్లోరిన్‌నూ ఇనుము ఊడబెరుకుతుంది. గేటుకు పట్టకూడదని మనం రంగు వేయిస్తామే, ఆ తుప్పే అక్కడ మందు.

ఈ సంగతి 1980లలో కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో, వేరే ప్రయోగం చేస్తుండగా బయటపడింది. నీటి నమూనాలు తీసే సామగ్రిని పరీక్షిస్తుంటే, లోహం తగిలిన చోట కాలుష్యమే తగ్గిపోతోంది. అక్కడి ప్రొఫెసర్ రాబర్ట్ గిల్‌హామ్ దాన్ని అంతటితో వదల్లేదు. 1991లో బోర్డెన్ సైనిక స్థావరంలో ఇనుము, ఇసుక కలిపిన గోడ పెట్టి చూపించారు.

ఇది చదివినప్పుడు నాకు వెంటనే, ఫ్యాక్టరీల వ్యర్థాలతో భూగర్భజలం పాడైన మన పటాన్‌చెరు గుర్తొచ్చింది. ఆశ పుట్టింది. కానీ మన రాతినేలలో నీళ్లు పగుళ్లు పట్టుకుని పోతాయి, చుట్టూ బోర్లు ఆడుతుంటే దారీ మారిపోతుంది. దారి తెలియకుండా గోడ పెడితే నీళ్లు పక్కనుంచో కిందనుంచో తప్పించుకుంటాయి. ఆ దారి కనిపెట్టడమే అసలు కష్టం.

ఎలిజబెత్ సిటీ గోడను 8 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించారు. గోడకు ముందు లీటరు నీళ్లలో సగటున 1500 మైక్రోగ్రాములకు పైగా క్రోమియం. గోడ దాటాక ఒక్క మైక్రోగ్రాము కూడా లేదు.