ప్రీ-ఈఎంఐ కడితే నిజంగా ఎంత పడుతుంది?

తమ్ముడు: ఈ వారం మనకి వచ్చిన మెసేజ్‌లన్నీ ఒకే మాట అక్కా. హైదరాబాద్‌లో కొంపల్లి, నల్లగండ్ల వైపు ఇంకా స్లాబులు పడుతున్న అపార్ట్‌మెంట్లో ఫ్లాట్ బుక్ చేశారట, బ్యాంకువాళ్లు ప్రీ-ఈఎంఐ కడతారా, ఫుల్ ఈఎంఐ కడతారా అని అడుగుతున్నారట. ఏది చవక?

అక్క: ప్రీ-ఈఎంఐ అంటే బిల్డర్‌కి ఇప్పటిదాకా బ్యాంకు ఇచ్చిన డబ్బు మీద వడ్డీ మాత్రమే. అసలులో రూపాయి కూడా తగ్గదు. ఫుల్ ఈఎంఐ అంటే వడ్డీతో పాటు అసలు కూడా కొంచెం కొంచెంగా తీర్చే నెలవాయిదా.

తమ్ముడు: నెలకి తక్కువ పడుతుందిగా మరి?

అక్క: పడుతుంది. 50 లక్షల లోను, 8.5 శాతం, 20 ఏళ్లు అనుకో. ఈఎంఐ 43,391, వడ్డీ ఒక్కటే అయితే 35,417. నిజానికి పని జరిగేకొద్దీ విడతలుగా ఇస్తారు కాబట్టి మొదట్లో ఇంకా తక్కువే, కానీ లెక్క తేలిగ్గా ఉండాలని మొత్తం మొదటి నెలలోనే ఇచ్చేశారనుకుందాం. మూడేళ్లు వడ్డీ కడితే 12.75 లక్షలు పోతాయి, అప్పు మాత్రం 50 లక్షలు అలాగే ఉంటుంది. ఫుల్ ఈఎంఐ కట్టినవాడికి ఆ పాటికి దాదాపు 46.74 లక్షలకి దిగుతుంది.

తమ్ముడు: అంటే తేడా 3.26 లక్షలేనా? నేను 12.75 లక్షలూ బూడిదలో పోసినట్టే అనుకున్నా.

అక్క: అందరూ అక్కడే తికమక పడతారు. నెలనెలా మిగిలిన 7,974 మూడేళ్లకి 2.87 లక్షలు, అది నీ జేబులోనే ఉందిగా, ఖర్చు పెట్టేయకపోతే. అసలు దెబ్బ తర్వాత పడుతుంది. పొజెషన్ అయ్యాక, అంటే ఫ్లాట్ చేతికొచ్చాక, మళ్లీ కొత్తగా 20 ఏళ్లు మొదలవుతాయి, మొత్తం 23 ఏళ్లు కడతావు, అప్పుడు ఆ 12.75 లక్షలూ అదనమే. అదే ఆ 50 లక్షల అప్పుని 17 ఏళ్లకి పెట్టించుకుంటే ఈఎంఐ 46,415 అవుతుంది, నెలకి 3 వేలు ఎక్కువ, అదనం మాత్రం 3.3 లక్షల దగ్గర ఆగుతుంది.

తమ్ముడు: ఇది బ్యాంకువాళ్లు చెప్పరే!

అక్క: ఎందుకు చెప్తార్రా. నువ్వే అడగాలి.

తమ్ముడు: ట్యాక్స్ మిగులుతుంది కదా అని ఒకాయన వాదిస్తున్నాడు.

అక్క: ఇల్లు ఇంకా తయారవుతుండగా కట్టిన వడ్డీని, అది పూర్తయ్యాక ఐదు సమాన వాయిదాల్లో చూపించొచ్చు, నిజమే. కానీ సొంతంగా ఉండే ఇంటికి అన్నీ కలిపి ఏడాదికి 2 లక్షలే పరిమితి, అదీ ఆదాయపన్ను పాత పద్ధతిలో ఉంటేనే. 50 లక్షల మీద మొదటి ఏడాది వడ్డీయే 4 లక్షలు దాటుతుంది, ఇక పాత వడ్డీకి చోటెక్కడ? కొత్త పద్ధతిలో అయితే ఆ 2 లక్షలూ లేవు.

తమ్ముడు: మరి ఎవరు తీసుకోవచ్చు?

అక్క: అద్దె కడుతూ ఫుల్ ఈఎంఐ మోయలేనివాళ్లు. వాళ్లకి తప్పదు, తప్పూ లేదు. కాకపోతే బిల్డర్ లేటు చేస్తే మన లెక్కలో ప్రతి నెలా 35 వేలు, పైన అద్దె. బిల్డర్లని అదుపులో పెట్టే రెరా చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆలస్యానికి వడ్డీ అడగొచ్చు, చేతికి వచ్చేసరికి ఓపిక పోతుందనుకో.

తమ్ముడు: మరి 'పొజెషన్ దాకా వడ్డీ మేమే కడతాం' అని బిల్డర్లు పెట్టే బోర్డుల సంగతేంటి?

అక్క: లోను నీ పేరు మీదే ఉంటుంది. బిల్డర్ ఒక నెల కట్టకపోతే బ్యాంకు ఫోన్ చేసేది నీకే, సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా తీర్చేదాన్ని బట్టి ఇచ్చే మార్కులు, పడేదీ నీదే. 2019లో ప్రభుత్వ సంస్థ నేషనల్ హౌసింగ్ బ్యాంక్, ఇళ్ల లోన్లిచ్చే హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి ఈ స్కీములు ఆపమని చెప్పింది కూడా ఇలాంటి మోసాల ఫిర్యాదులు వచ్చాకే.