అంచనా ఎవరిది, నిర్ణయం ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

వచ్చే వారానికి సరుకు ఎంత తెప్పించాలి? ఈ ఖాతాదారుకు అప్పు ఇవ్వవచ్చా? ఏ యంత్రం త్వరలో మొరాయించేలా ఉంది? ఇదివరకు ఇలాంటి ప్రశ్నలకు అనుభవజ్ఞుడైన మేనేజరు పాత లెక్కలు తిరగేసి జవాబు చెప్పేవాడు. ఇప్పుడు కృత్రిమ మేధ లక్షల లావాదేవీలను జల్లెడ పట్టి క్షణాల్లో చెబుతోంది. కార్డు వాడిన వెంటనే అది మోసమేమోనని బ్యాంకు పసిగట్టగలగడం దీని చలవే.

కానీ అది చెప్పేది అంచనా మాత్రమే. ఆ సంగతి మరిచిన కంపెనీలు గట్టి దెబ్బలే తిన్నాయి. అమెరికాలో ఇళ్ల ధరలు అంచనా కట్టడంలో పేరున్న జిల్లో సంస్థ, 2018లో తానే ఇళ్లు కొని, బాగుచేయించి అమ్మే వ్యాపారంలోకి దిగింది. ధర నాలుగైదు శాతం అటూ ఇటూ అయినా ఊరికే చూసేవారికి నష్టం లేదు. సొంత డబ్బు పెట్టి కొనేవారికి మాత్రం లాభనష్టాలు తేలేది అక్కడే. 2021లో ధరల కదలిక అంచనాలకు అందలేదు. అమ్మితే వచ్చే దానికన్నా ఎక్కువ పెట్టి ఎన్నో ఇళ్లు కొన్నట్టు తేలింది. ఆ నవంబరులో సంస్థ ఆ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. సిబ్బందిలో సుమారు నాలుగో వంతు మందికి ఉద్యోగాలు పోయాయి. అంచనా తప్పడం కన్నా, దాన్ని నమ్మి అంత వేగంగా కొనుగోళ్లు పెంచడమే అసలు పొరపాటని నా అభిప్రాయం.

అమెజాన్ అనుభవం మరో రకం. ఉద్యోగ దరఖాస్తులను వడపోయడానికి తయారుచేసిన కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌కు పాత దరఖాస్తులతో శిక్షణ ఇచ్చారు. వాటిలో ఎక్కువ మగవారివే. దాంతో అది మహిళలను చిన్నచూపు చూడటం నేర్చుకుంది. చివరికి దాన్ని పక్కన పెట్టేశారు.

ఇక పోటీ మాట. డబ్బు పెడితే ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఎదుటి కంపెనీకీ దొరుకుతుంది. దొరకనిది మీ సొంత రికార్డు: ఏ సరుకు ఎందుకు వెనక్కి వచ్చింది, ఏ ఖాతాదారు ఎందుకు దూరమయ్యారు. దాన్ని నిజాయితీగా రాసి పెట్టుకున్న సంస్థే ముందుంటుంది.

బాధ్యతను మాత్రం యంత్రం మీదికి నెట్టలేం. ఎయిర్ కెనడా విమాన సంస్థ వెబ్‌సైట్‌లో ప్రశ్నలకు జవాబిచ్చే చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. దాని మాటలకు తాము బాధ్యులం కామని కంపెనీ వాదించింది. 2024లో కెనడా ట్రిబ్యునల్ ఆ వాదనను తోసిపుచ్చి, ప్రయాణికుడికి పరిహారం చెల్లించాలని ఆదేశించింది.