పార్క్ స్ట్రీట్ చివర మెకంజీ సమాధి

(ఆదివారం ప్రత్యేక చర్చా కార్యక్రమం లిఖిత రూపం)

సమన్వయకర్త: నమస్కారం. కోల్‌కతా వెళ్లిన మనవాళ్లు కాళీఘాట్, దక్షిణేశ్వర్, విక్టోరియా మెమోరియల్ చూసి తిరుగు రైలెక్కుతారు. ఈ రోజు మన అతిథుల్లో ఒకరు అక్కడ ఒక పూటంతా శ్మశానంలో గడిపి వచ్చారు. అమ్మా, ఇంట్లో ఏమన్నారు?

యాత్రికురాలు: మా అమ్మ ఫోన్‌లోనే కోప్పడింది సార్. "వెళ్లి వెళ్లి అక్కడికా? రూముకి రాగానే తలస్నానం చెయ్యి, ఆ తర్వాతే ఏదైనా ముట్టుకో" అంది. చేశాను. అది ఆవిడ నమ్మకం, దాన్ని కాదనాలని నాకు లేదు. కానీ లోపల ఉన్నంతసేపూ నాకు భయమన్నది కలగలేదు. పార్క్ స్ట్రీట్ హోటళ్లు, కేకుల షాపులు, హారన్ల మోత అన్నీ దాటుకుని చివర ఆ గేట్లోకి అడుగుపెడితే ఒక్కసారిగా చల్లబడిపోతుంది. పెద్ద పెద్ద చెట్లు, నాచు పట్టిన గోపురాలు, పిరమిడ్లు. మేడంత ఎత్తున్న సమాధులు కూడా ఉన్నాయి.

అధ్యాపకురాలు: సౌత్ పార్క్ స్ట్రీట్ సిమెట్రీ. 1767లో మొదలైంది. అప్పుడది ఊరి బయట చిత్తడి నేల. ఆ దారిని బరియల్ గ్రౌండ్ రోడ్ అనేవారు. ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపే జింకల పార్కు వల్ల తర్వాత పార్క్ స్ట్రీట్ అయింది. ఇప్పుడు అధికారిక పేరు మదర్ థెరిసా సరణి. సుమారు 1,600 సమాధులున్నాయి. ఈస్టిండియా కంపెనీ కొలువుకి వచ్చే తెల్లవాళ్ల ఆయుష్షు రెండు వానాకాలాలే అని ఆ రోజుల్లో ఒక మాట ఉండేది. కలరా, మలేరియా, రక్త విరేచనాలు. వయసులు చూస్తూ నడవండి, గుండె బరువెక్కుతుంది.

యాత్రికురాలు: రోజ్ ఐల్మర్ అని ఒకమ్మాయి, 1800లో పోయింది. ఇరవై ఏళ్లు. మా చెల్లెలి వయసు. హిందూ కాలేజీలో పాఠాలు చెప్పిన కవి డెరోజియోకి 22. ఆయనది 1831. అక్కడ కాసేపు కదల్లేకపోయాను.

సమన్వయకర్త: కానీ మీరు వెతుక్కుంటూ వెళ్లింది ఒకే ఒక్క పేరు కోసం కదా?

యాత్రికురాలు: అవును, మెకంజీ. మాది గుంటూరు వైపు పల్లెటూరు. మా ఊరి కైఫీయతు, అంటే పాతకాలంలో రాయించిన ఊరి చరిత్ర, చదివాను. చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, అన్నీ ఉన్నాయి. అది రాయించిన మనిషి ఇక్కడే ఉన్నాడని తెలిశాక చూడకుండా ఎలా రాగలను? గేటు దగ్గర అడిగి, వరుసలన్నీ తిరిగి, చివరికి పట్టుకున్నాను.

అధ్యాపకురాలు: కాలిన్ మెకంజీ. స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో పుట్టారు. 1798లో అమరావతి దిబ్బను, అంటే అక్కడి బౌద్ధ స్తూపాన్ని చూసి, తర్వాత మనుషుల్ని పెట్టి ఆ శిల్పాలకు బొమ్మలు గీయించారు. 1815లో దేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయ్యారు. 1821 మే 8న చనిపోయారు. అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆయనకి మన భాషలు రావు. ఆ సంగతి ఉత్తరంలో ఆయనే ఒప్పుకున్నారు. ఊరూరా తిరిగి, కరణాల దగ్గర కూర్చుని, దండకవిలెలు, అంటే ఊరి పాత లెక్కల పుస్తకాలు, విప్పించి సమాచారం సేకరించడంలో ముందున్నది ఏలూరుకు చెందిన, కావలి ఇంటిపేరున్న సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లో, చిన్న వయసులోనే పోయారు. మెకంజీ ముందు నిలబడినప్పుడు ఆ ముగ్గురి పేర్లూ పైకి చదవాలని నేను నా విద్యార్థులకి చెబుతుంటాను.

ఖరగ్‌పూర్ అతిథి: అమ్మా, నేనూ అక్కడికే వస్తున్నాను. మాది మూడు తరాలుగా ఖరగ్‌పూర్, రైల్వే కుటుంబం. చుట్టాలొస్తే అక్కడికి తీసుకెళ్తాను. ఆ సమాధుల తోట మొదలైన మూడేళ్లకి, 1770లో, బెంగాల్‌లో కరువు వచ్చింది. కోటిమంది దాకా పోయారని అంచనా. అప్పుడు కూడా కంపెనీ శిస్తు వసూలు ఆపలేదు. ఆ కోటిమందిలో ఒక్కరికైనా పేరు చెక్కిన రాయి ఉందా? ఈ గోపురాల మధ్య నడుస్తుంటే నాకు అదే గుర్తొస్తుంది.

సమన్వయకర్త: అలాంటప్పుడు ఎందుకు తీసుకెళ్తున్నారు సార్?

ఖరగ్‌పూర్ అతిథి: ఆ మాట చెప్పడానికి అంతకంటే సరైన చోటు నాకు దొరకలేదు కాబట్టి. మ్యూజియంలో చెబితే ఎవరూ నిలబడి వినరు. ఇక్కడ వింటారు.

అధ్యాపకురాలు: నిజమే సార్. అయితే అక్కడున్న అందరినీ ఒకే గాటన కట్టలేం. చార్లెస్ స్టూవర్ట్ అనే ఐరిష్ సైనికాధికారి ఉన్నారు, 1828లో పోయారు. హిందూ దేవతల్ని కొలిచేవారు, ఆయన సమాధి గుడి ఆకారంలో ఉంటుంది. అందరికంటే ఎత్తైన స్తంభం సంస్కృత పండితుడు విలియం జోన్స్‌ది. 1784లో ఆయన పెట్టిన ఏషియాటిక్ సొసైటీ అదే వీధికి రెండో కొసన ఇప్పటికీ ఉంది. ఒక కొసన సొసైటీ చూసి, నడుచుకుంటూ రెండో కొసన సమాధికి రావచ్చు.

సమన్వయకర్త: ఒక ప్రేక్షకుడి ప్రశ్న. రాత్రిపూట వెళ్లొచ్చా, దయ్యాల కథలు నిజమేనా?

యాత్రికురాలు: చీకటి పడకముందే మూసేస్తారు. ఆ కథల కోసమైతే దయచేసి వెళ్లకండి. ఉదయాన్నే వెళ్లండి, ఏటవాలు ఎండలో అరిగిపోయిన అక్షరాలు కూడా కనబడతాయి. నాచు గీకొద్దు, సున్నం పూత మీద కూర్చోవద్దు, ఫొటోల సంగతి గేటు దగ్గరే అడగండి. దోమల మందు మాత్రం మరిచిపోవద్దు.

అధ్యాపకురాలు: టైముంటే సెంట్ జాన్స్ చర్చికి కూడా వెళ్లండి. అక్కడ ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి రాయి ఉంది. మద్రాసు దగ్గర పల్లావరం నుంచి తెచ్చిన రాయి అది. దాన్ని బట్టే ఆ రకం శిలకి చార్నోకైట్ అని పేరు పెట్టారు. మన తూర్పు కనుమల్లో ఆ శిల విరివిగా ఉంది. విశాఖ మన్యంలో పుట్టి పెరిగిన పిల్లలకి ఈ సంగతి చెబితే కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

సమన్వయకర్త: సమయం దగ్గరపడింది. సార్, చివరగా మీరు.

ఖరగ్‌పూర్ అతిథి: పార్క్ స్ట్రీట్ తోట నుంచి కొంచెం దూరంలోనే లోయర్ సర్క్యులర్ రోడ్ సిమెట్రీ ఉంది. అక్కడ బెంగాలీ కవి మైకేల్ మధుసూదన్ దత్ ఉన్నారు, 1873లో పోయారు. కవిత్వం కోసం ఎన్నో వదులుకుని, చివర్లో చాలా పేదరికం అనుభవించారు. సమాధి మీద రాయాల్సిన పద్యం ముందే తనే బెంగాలీలో రాసుకున్నారు. ఆ పద్యం దారినపోయే బాటసారిని పిలుస్తుంది. ఈ బెంగాల్‌లో పుట్టినవాడివైతే ఒక్క క్షణం ఆగు అంటుంది. ఆ తర్వాత తన ఊరి పేరు, నది పేరు, అమ్మానాన్నల పేర్లు చెబుతుంది. నేను బెంగాల్‌లోనే పుట్టాను, ఇంట్లో మాట్లాడేది తెలుగు. మొదటిసారి అది చదివినప్పుడు నన్నే పిలిచినట్టనిపించి ఆగిపోయాను. ఇప్పుడు ఎప్పుడు వెళ్లినా ఆగుతాను.