వరద సాయం: పొట్లం కట్టే ముందు ఒక ఫోన్

తమ్ముడు: నమస్కారమండి. ధవళేశ్వరం దగ్గర గోదారి పోటెత్తిందంటే చాలు, కోనసీమ ఊళ్లలో చందాలు పోగవుతాయి, వ్యాన్లు కదులుతాయి. మనసు మంచిదేనండి. మరి ఆ సాయం ఎక్కడ బెడిసికొడుతుంది? చెప్పక్కా.

అక్క: ముందు అంకె చూడాలి తమ్ముడూ. బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. మొదటి హెచ్చరిక నాటికే ఏటి మధ్యనుండే కొన్ని లంక ఊళ్లకి పోయే కాజ్‌వేల మీదికి నీళ్లొచ్చేస్తాయి. బియ్యం, పప్పు, కొవ్వొత్తులు, తాగునీళ్ల టిన్నులు ఆలోపే దాటించాలి. మూడోది వచ్చాక పొయ్యే మునిగిపోయింటుంది, బియ్యం బస్తా ఏం చేసుకుంటారు? అప్పుడు కావాల్సింది వండిన అన్నం.

తమ్ముడు: మనోళ్లు సరిగ్గా తిరగేసి చేస్తారు. ఏరు పెరుగుతుంటే పులిహోర, ఇళ్లు మునిగాక బియ్యం.

అక్క: పులిహోరకీ లెక్కుంది. పొట్లం 350 గ్రాములనుకుంటే నూటికి 12, 13 కిలోల బియ్యం, కిలో చింతపండు, లీటరున్నర నూనె. పులుపు తగ్గించొద్దు, అన్నం నిలవుండేది దానివల్లే. ఉల్లిపాయ వద్దు. వార్చిన అన్నం శుభ్రమైన గుడ్డ మీద పల్చగా పరిచి, పూర్తిగా ఆరాకే కలపాలి. వేడివేడిగా పాలిథిన్ కవర్లో కట్టేస్తే లోపల చెమట పట్టి, పడవ అవతలి ఒడ్డు చేరేలోపే జిగురొస్తుంది. మన దగ్గర అరిటాకులకు కొరతా ఏంటి?

తమ్ముడు: వాసనొస్తే మళ్లీ వేడిచేసి పెట్టేద్దాం అంటారు కొందరు.

అక్క: అస్సలొద్దు. పాడైన అన్నంలో తయారయ్యే ఒక రకం విషం వేడికి పోదు. గంటల్లో వాంతులు పట్టుకుంటాయి, పైగా ఆస్పత్రికి పోదామంటే దారి లేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఏ వేళకొచ్చినవాళ్లకి ఆ వేళే వండి వడ్డించేవారని చెబుతారే, అందులో దయ ఎంతుందో వంట తెలివీ అంతుంది.

తమ్ముడు: మిగిలిన అన్నం గట్టు మీద గేదెలకి పెట్టేస్తుంటారు.

అక్క: ఆయ్, అదే అన్నిటికన్నా పెద్ద తప్పు! గడ్డికి అలవాటుపడ్డ పశువుకి ఒక్కసారిగా బోలెడంత అన్నం పెడితే కడుపులో పులిసి ఆమ్లం పెరిగిపోతుంది. నెమరు ఆగుతుంది, పొట్ట ఉబ్బుతుంది, కూలబడిపోతుంది. ఏటి నుంచి తప్పించుకొచ్చిన గేదె మన పుణ్యాన పోతుంది. పెద్ద పశువుకి రోజుకి 5, 6 కిలోల ఎండుగడ్డి, మంచినీళ్లు చాలు. తడిసి బూజెక్కిన గడ్డి కూడా వేయకూడదు. వ్యాన్‌కి కట్టే ఫ్లెక్సీ ఖర్చుతో నాలుగు మోపులొస్తాయి.

తమ్ముడు: పసిపిల్లలకి పాలపొడి డబ్బాలు తెస్తారు కదక్కా?

అక్క: కలిపే నీళ్లు బాగోకపోతే ఆ డబ్బా విరేచనాల డబ్బానే. తల్లి పాలిస్తుంటే ఆమెకి కడుపునిండా తిండి, నీళ్లు అందించు. విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లే పోయాలి. ప్యాకెట్ లేకపోతే మరిగించి చల్లార్చిన లీటరు నీళ్లలో టీస్పూన్‌తో తల కొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం, అందుకని గుప్పిటతో కొలవొద్దు.

తమ్ముడు: పాత బట్టలు?

అక్క: తడిసి గట్టు మీద కుప్పలవుతాయి. కొత్త లుంగీలు, తువ్వాళ్లు, నైటీలు, లోపలి బట్టలు, ప్యాడ్లు ఇవ్వండి, చాలు.

తమ్ముడు: ఇంకోటక్కా. వ్యాన్ ఎక్కడ ఆగితే అక్కడే సరుకంతా ఐపోతుంది.

అక్క: రోడ్డు పక్కనున్న ఊరికి మధ్యాహ్నానికి నాలుగు వ్యాన్లు, లోపలి లంకకి ఒక్కటీ లేదు. అందుకే పొట్లం కట్టకముందే అక్కడి వీఆర్వోకో ఆశా కార్యకర్తకో ఫోన్ చెయ్యాలి. ఇళ్లెన్ని, బయటికి రాలేనివాళ్లెవరు, గర్భిణులు, షుగర్ మందులైపోయినవాళ్లు, పశువులెన్ని, నిన్న ఎవరు ఏమిచ్చారు? ఆ చివరి ప్రశ్న మర్చిపోతే వరసగా మూడు పూటలూ పులిహోరే. సరుకు గట్టు మీద దింపకుండా నేరుగా పడవలోకి ఎక్కించాలి. మోయగలిగినదానికన్నా తక్కువే, ఎక్కినవాళ్లందరికీ లైఫ్ జాకెట్లతో.

తమ్ముడు: ఏరు తీసేశాక?

అక్క: అప్పటికి వ్యాన్లు రావడం మానేస్తాయి, అసలు పని అప్పుడు మొదలవుతుంది. మోకాలి లోతు ఒండ్రు తియ్యాలి, నూతులు తోడించాలి. పారలు, బొచ్చెలు, చీపుర్లు, బ్లీచింగ్, దోమతెరలు, ఒక డీజిల్ ఇంజన్. వచ్చేటప్పుడు ఆ పారలు వెనక్కి తెచ్చుకోవద్దు, బడి దగ్గర పెట్టి రండి, పక్క వీధివాళ్లకి మర్నాడు కావాలి.