నమూనాకూ సొంత రంగు ఉంటుంది

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలని ఉంది. కానీ నాకిచ్చిన పది నిమిషాలూ నమూనా బ్లాంకుకే, అంటే రంగు పుట్టించే మందు తప్ప మిగిలినవన్నీ కలిపిన నమూనాకే కావాలి, మన్నించండి.

ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది నీటిలో ఇనుము పరీక్షలు చేసేవాణ్ణి. ఇనుముతో రంగు పుట్టించే ఫెనాంత్రోలీన్ అనే మందు కలిపితే నారింజ ఎరుపు వస్తుంది, దానిగుండా 510 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగు పంపి యంత్రంలో రీడింగు తీస్తాం. ఒకరోజు కాస్త కలకబారిన నీళ్లు వచ్చాయి. అబ్జార్బెన్స్, అంటే అవతలికి చేరకుండా పోయిన వెలుగు కొలత, 0.212. ఇనుము ఎక్కువని రాసి సంతకం పెట్టేశాను. మర్నాడు మా సీనియర్ గారు అదే నీటిలో ఫెనాంత్రోలీన్ తప్ప మిగిలినవన్నీ కలిపి, కువెట్ అనే చిన్న పారదర్శక పాత్రలో పోసి నా చేతికిచ్చి "పెట్టి చూడు బాబూ" అన్నారు. 0.090! రంగు పుట్టకముందే అంత. ఇనుమని నేను లెక్కగట్టిన దానిలో సగానికి కాస్త తక్కువ ఉత్త మడ్డి. నివేదిక అప్పటికే వెళ్లిపోయింది. దాన్ని నమ్మి ఎవరో ఏదో నిర్ణయం తీసుకునే ఉంటారు. ఆ సంతకం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

యంత్రానికి ఇనుము తెలియదండీ. తన దాకా ఎంత వెలుగు చేరలేదో అంతే తెలుసు. ఆ వెలుగును రంగు పీల్చుకుందా, మట్టి రేణువు చెదరగొట్టిందా, కువెట్ మీది వేలిముద్ర అడ్డుకుందా, దానికి అన్నీ ఒకటే.

మీలో ఎంతమంది నమూనా బదులు శుద్ధజలంలో మందులన్నీ కలిపి చేసిన రియేజెంట్ బ్లాంకు ఒక్కదానితో సరిపెడుతున్నారు? చేతులెత్తండి. తప్పు పట్టడానికి కాదు, నేనూ అదే చేశాను. రియేజెంట్ బ్లాంకు మనం కలిపిన మందుల రంగును తీసేస్తుంది. నమూనా సొంత రంగును మాత్రం అది తీసేయజాలదు, అది నమూనా బ్లాంకు పని.

సమయం గురించీ, పలుచన గురించీ కూడా చెప్పాలని రాసుకొచ్చాను. అబ్జార్బెన్స్ 2 అంటే నూటికి ఒక వంతు వెలుగే అవతలికి చేరిందని అర్థం. ఆ అంకెను నమ్మకండి. అలాగని వచ్చిన రంగులో నీళ్లు పోయకండి. అసలు నమూనాను పలుచన చేసి, మందులు మొదటి నుంచి కలపండి. ఫాస్ఫేట్‌కు ఆస్కార్బిక్ ఆమ్లం పద్ధతిలో వచ్చే నీలాన్ని 10 నిమిషాలు నిండాక, 30 దాటకముందే చదవాలి. మిగతాది కాగితాల్లో ఉంది, చదువుకోండి. నా మనసంతా ఆ 0.090 మీదే ఉంది.

ఈ బల్ల మీద రెండు కువెట్లు ఉంచాను. నీరు ఒకటే. కుడివైపు దానిలో ఫెనాంత్రోలీన్ కలపలేదు. ముందు వరుసలో కూర్చున్న అమ్మా, ఇలా వచ్చి దాన్ని వెలుతురుకు పట్టి, ఏం కనిపిస్తోందో అందరికీ వినపడేలా చెప్పు తల్లీ.