క్రీస్తు సినిమాకి మార్కులు వేసిందెవరు?

అందరికీ నమస్కారం. ఈరోజు ఇరవై ఏళ్లు దాటిన గొడవ ఒకటి తవ్వుదాం. 2004 ఫిబ్రవరి 25, భస్మ బుధవారం, అంటే ఈస్టర్ ముందు క్రైస్తవుల ఉపవాస దినాలు మొదలయ్యే రోజు. అమెరికాలో హాలీవుడ్ నటుడు, దర్శకుడు మెల్ గిబ్సన్ తీసిన 'ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్' రిలీజైంది. యేసుని పట్టుకుపోయి సిలువ వేసిన కథ అది. మాటలన్నీ అరమాయిక్, హీబ్రూ, లాటిన్‌లో. అర్థం కావాలంటే సబ్‌టైటిల్సే దిక్కు. పెట్టుబడి సుమారు 3 కోట్ల డాలర్లు, అదీ గిబ్సన్ సొంత డబ్బు. ప్రపంచమంతా కలిపి 60 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది.

సరే, డబ్బు సంగతి వదిలేద్దాం. సినిమా చూసి బయటికొచ్చిన జనాన్ని అడిగి మార్కులేసే సినిమాస్కోర్ దీనికి ఎ ప్లస్ ఇచ్చింది. దానిపైన ఇంక మార్కే లేదు. రివ్యూలన్నీ ఒకచోట పోగేసే రాటెన్ టొమాటోస్‌లో చూస్తే విమర్శకుల్లో దాదాపు సగం మందే బాగుందన్నారు. ఇంకేముంది, "ఈ క్రిటిక్స్‌కి దేవుడంటే పడదు" అన్న మాట ఊపందుకుంది.

ఆ మాట అన్నవాళ్ల దగ్గర గట్టి పాయింటే ఉంది. 1988లో మార్టిన్ స్కోర్సెసీ 'ది లాస్ట్ టెంప్టేషన్ ఆఫ్ క్రైస్ట్' తీశాడు. అందులో సిలువ మీదున్న యేసు తాను పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, అందరిలా బతికినట్టు ఊహించుకుంటాడు. థియేటర్ల ముందు నిరసనలు జరిగాయి. విమర్శకుల్లో చాలామంది మాత్రం మెచ్చుకున్నారు, దర్శకుడికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. "ఏం, యేసుని మామూలు మనిషిగా చూపిస్తే కళ, దేవుడిగా కొలిస్తే పిచ్చా?" అని అడిగారు భక్తులు. వినగానే నిజమే కదా అనిపించింది నాకు.

కానీ అమెరికాలో పేరున్న సినిమా విమర్శకుడు రోజర్ ఎబర్ట్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. ఆయన ఈ రెండు సినిమాలకీ నాలుగుకి నాలుగు స్టార్లు ఇచ్చాడు! పైగా గిబ్సన్ సినిమా గురించి ఏం రాశాడో తెలుసా? తాను చూసినవాటిలో ఇంత హింస ఉన్న సినిమా ఇంకోటి లేదన్నాడు. 126 నిమిషాల్లో కనీసం 100 నిమిషాలు చిత్రహింసలూ చావే అని లెక్క కూడా కట్టాడు. తిట్టినవాళ్లు చెప్పిందీ ఇదే. స్లేట్ పత్రికలో డేవిడ్ ఎడెల్‌స్టీన్ అయితే దీన్ని రంపంతో మనుషుల్ని కోసే హారర్ సినిమాతో పోల్చాడు. ఇద్దరూ చూసిన రక్తం ఒకటే. ఒకాయన చలించిపోయాడు, ఇంకొకాయనకి కడుపులో తిప్పింది.

తేడా ఎక్కడొచ్చిందో ఎబర్ట్ రివ్యూలోనే ఉంది. ఆయన చిన్నప్పుడు చర్చిలో ఆల్టర్ బాయ్, అంటే పూజలో ఫాదర్‌కి సాయం చేసే కుర్రాడు. లెంట్ అనే ఆ ఉపవాస దినాల్లో వచ్చే శుక్రవారాల్లో సిలువ మార్గం ప్రార్థనల్లో నిలబడి క్రీస్తు బాధల్ని ధ్యానించినవాడు. అంటే సీట్లో కూర్చునేసరికే ఆయన మనసులో సగం సినిమా ఉంది.

మన 'కరుణామయుడు' గుర్తు తెచ్చుకోండి. 1978, విజయచందర్. ఊళ్లల్లో తెల్లగుడ్డ కట్టి వేసేవాళ్లు. అందులో పుట్టుక, బోధలు, అద్భుతాలు అన్నీ అయ్యాకే సిలువ వస్తుంది. అప్పటికి ఆయన మనకి బాగా కావలసిన మనిషైపోతాడు. గిబ్సన్ ఆ పరిచయం చెయ్యడు. సినిమా తిన్నగా గెత్సేమనే తోటలో, అర్ధరాత్రి, పట్టుకుపోయే ఘట్టంతో మొదలవుతుంది. కొండమీద ప్రసంగం మెరుపులా వచ్చి పోతుంది. కథ తెలిసినవాడికి ఆ మెరుపు చాలు. తెలియనివాడికి ఒక మనిషిని రెండు గంటలు చితకబాదడమే కనిపిస్తుంది. అలా కనిపించిందని రాస్తే, దాన్ని నేను పక్షపాతం అనను.

మరి విమర్శకులు ఈ సినిమాకి చేసిన అన్యాయం అసలు లేదా? ఉంది. యేసు సిలువతో బోర్లా పడిపోతాడు. దూరంగా ఉన్న తల్లి మరియకి, ఒకప్పుడు ఇంటి ముందు పరిగెడుతూ పడిపోయిన బుడ్డోడు గుర్తొస్తాడు. అప్పుడెలా పరిగెత్తిందో ఇప్పుడూ అలాగే పరిగెడుతుంది. అంతే. ఈ సీన్‌కి బైబిల్ తెలియక్కర్లేదండీ. ఆ మరియగా చేసిన మాయా మోర్గెన్‌స్టెర్న్ రొమేనియాకి చెందిన యూదు నటి. ఈ సీన్ ఊసే ఎత్తకుండా కొరడా దెబ్బలు మాత్రం లెక్కపెట్టిన రివ్యూ ఏదైనా సరే, సగం సినిమాకే రివ్యూ.

ఇంకో గొడవ యూదుల గురించి. యూరప్‌లో శతాబ్దాల తరబడి ఈస్టర్ రోజుల్లో, యేసు సిలువ కథని నాటకాలుగా ఆడే రోజుల్లో యూదుల మీద దాడులు జరిగేవి. యేసు మరణానికి యూదు జాతి మొత్తాన్ని నిందించకూడదని వాటికన్ 1965లో తేల్చి చెప్పింది. ఈ సినిమాలో చూస్తే శిక్ష వేసిన రోమన్ అధికారి పిలాతు పాపం సందేహంతో నలిగిపోతుంటాడు, యూదుల ప్రధాన యాజకుడు కయప మాత్రం రాయి. బైబిల్లో యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తల్లో ఒకటైన మత్తయి సువార్తలో జనం "ఇతని రక్తం మా మీదా, మా పిల్లల మీదా ఉండనీ" అని అరుస్తారు కదా, గొడవయ్యాక ఆ మాటకి సబ్‌టైటిల్ తీసేశారు. అరమాయిక్‌లో మాట అలాగే ఉంచేశారు! అక్కడ ఏదో ఇబ్బంది ఉందని తీసినవాళ్లకీ తెలుసన్నమాట.

"సువార్తల్లో ఉన్నదే తీశాడు, ఏడుపెందుకు" అన్నవాళ్లకి ఒక మాట. పిలాతు భార్య మరియకి తెల్లటి గుడ్డలిస్తుంది, మరియ వాటితో నేలమీద రక్తం తుడుస్తుంది. గొప్ప సీనే, కానీ నాలుగు సువార్తల్లో ఎక్కడా లేదు. ఎమ్మెరిక్ అనే జర్మన్ సన్యాసిని దర్శనాల్లోంచి వచ్చింది. అది ఎత్తిచూపిన విమర్శకుడు బైబిల్‌ని ద్వేషించినట్టా, చదివినట్టా?

పైగా ఈ సినిమాని గట్టిగా వెనకేసుకొచ్చిన విమర్శకుల్లో మైకేల్ మెడ్వెడ్ ఒకడు. ఆయన నిష్ఠ గల యూదుడు. మీ లెక్కలో ఆయన్ని ఏ గూట్లో పెడతారు?

2006లో గిబ్సన్ తాగి కారు నడుపుతూ దొరికిపోయి, యూదుల్ని తిట్టి, తర్వాత క్షమాపణ చెప్పాడు. "మేం అప్పుడే చెప్పాం" అన్నారు కొందరు. నాకిదీ నచ్చలేదు. రెండేళ్ల తర్వాతి బూతులు తెచ్చి పాత సినిమా మీద అతికించడం ఎందుకు? పిలాతు సీన్లు చూపించి మాట్లాడండి, అవే చాలు.

నా మార్కులు అడుగుతారని తెలుసు. కొరడా సీన్‌లో పాజ్ చేసి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను. మరియ పరుగు మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఐదుకి మూడు.